నీడ సారు

మొదటి కోత నీళ్ల ట్యాంకు నీడలో పడింది. మెషీన్ అరుపు ఆగాక ఆపరేటర్ పొడవాటి పట్టకారుతో రోడ్డులోంచి గుండ్రటి ముక్కను పైకి లాగి, తడిగుడ్డతో తుడిచి, అతని ముందు పెట్టాడు. పైన తారు కలిసిన నల్లటి పొర, దాని అడుగున అంటుకుని వచ్చిన కంకర. అతను గొంతుకూర్చుని స్టీలు స్కేలు ఆనించి చూశాడు. నల్లపొర బెత్తెడు పైనే ఉంది.

"బాగుంది," అన్నాడు.

"బాగుండక ఏం చేస్తుంది సార్. మీరు కోసిన చోటల్లా బాగానే ఉంటుంది. మీ చెయ్యి అలాంటిది."

అతను కొంచెం నవ్వి, స్కేలు చివర అంటిన తారును గోటితో గీకాడు. సన్నటి, పొడవాటి మనిషి. ఎంత ఉక్కపోసినా పొడుగు చేతుల చొక్కా గుండీలు మణికట్ల దగ్గర కూడా పెట్టుకుంటాడు. మెడ వెనక కాలరులోకి దోపిన చేతిరుమాలు, తల మీద అంచు వెడల్పుగా ఉన్న టోపీ. రోడ్ల మీద బతికిన మనిషి ఒంటి రంగు కాదు అతనిది. తలుపులు వేసిన గదిలో పెరిగినట్టు పాలిపోయి ఉంటుంది. పనివాళ్లు వెనకాల తనను నీడ సారు అంటారని అతనికి తెలుసు. ఎప్పుడూ చేతిలో ఉండే గొడుగును చూసి అంటారనుకునేవాడు.

అతను మున్సిపాలిటీలో రోడ్ల ఇన్‌స్పెక్టరు. ఊరి చుట్టూ ఇళ్లు కట్టి అమ్మే బిల్డర్లు లోపలి రోడ్లు తమ ఖర్చుతోనే వెయ్యాలి. వేశాక మున్సిపాలిటీ పరీక్ష చేయించి, గట్టిగా ఉందనుకుంటే ఆ రోడ్డును తన చేతిలోకి తీసుకుంటుంది. తీసుకునే రోజు వరకు రోడ్డు బిల్డరుది. కుంగినా, పగిలినా బిల్డరే బాగుచెయ్యాలి. మర్నాటి నుంచి అది ఊరందరిదీ, అంటే అడిగే దిక్కు లేనిది. ఆ రెండు రోజుల మధ్య స్కేలు పట్టుకుని నిలబడే మనిషి అతను. రోడ్డుకు మూడు కోతలు. ఎక్కడ కొయ్యాలన్నది ఇన్‌స్పెక్టరు ఇష్టం. ఆ ఉద్యోగం మొత్తంలో అతని ఇష్టానికి వదిలిపెట్టింది అదొక్కటే.

ట్యాంకు కింద అతని కోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. పక్కన చల్లటి నీళ్ల సీసా. తాము వచ్చి ఇక్కడ ఆగకముందే కుర్చీ వేసి ఉందని అతని మనసులో ఒక మూల నమోదైంది గాని, ఆ మూలలోనే ఉండిపోయింది.

"ఇంకో రెండే కదా సార్," అన్నాడు బిల్డరు తాలూకు సూపర్‌వైజర్. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. "అయ్యాక ఫోన్ చెయ్యండి, ఆఫీసులో ఉంటాను. మీరుండగా నేనెందుకు నెత్తి మీద."

సూపర్‌వైజర్ వెళ్లగానే పైఅధికారి ఫోను. "ఏమయ్యా, ఎంతవరకు వచ్చింది? రేపు కౌన్సిల్ ముందు పెట్టాలి. సాయంత్రానికి నీ రిపోర్టు నా టేబుల్ మీద ఉండాలి. అక్కడ జనం నీళ్లో నీళ్లో అని గోల పెడుతున్నారు."

నీళ్ల మాట నిజం. తల మీద ఉన్న ట్యాంకుకు రంగులు కూడా వేశారు గాని అందులో ఇంతవరకు చుక్క పడలేదు. రోడ్డు మున్సిపాలిటీది అయితే తప్ప దాని కింద మున్సిపాలిటీ పైపు పడదు. అప్పటిదాకా ట్యాంకరే. ఆ ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని ఎదురుచూసే వాళ్లలో అతని చెల్లెలు ఒకతి. ఈ కాలనీలో ఇల్లు కొనమని చెప్పింది అతనే. "రోడ్డు నా చేతి మీదుగానే పోతుంది కదా, చూసుకుంటాను," అన్నాడు ఆ రోజు. అతను ఒకరికి ఇచ్చిన భరోసా ఏదన్నా ఉంటే అదే.

రెండో కోత చెల్లెలి ఇంటి ప్రహరీ నీడలో. మెషీన్ మొదలవగానే లోపల కుట్టుమిషను చప్పుడు ఆగింది. ఆమె మెడలో టేపుతో గేటు దగ్గరికి వచ్చి, చెవులు మూసుకుని, కోత అయ్యేదాకా నిలబడింది. బిందెలు మోసీ మోసీ ఆమె ఎడమ భుజం కుడిదాని కంటే కిందికి జారింది. ఊరందరి కొలతలూ తీసే మనిషి తన జాకెట్టు తాను కుట్టుకునేటప్పుడు ఆ తేడా ఎలా సర్దుకుంటుందోనని అతనికి ఒకసారి అనిపించింది. అడగలేదు.

"పొద్దున్నించీ మా వీధిలోనే ఉన్నావ్. గుమ్మం తొక్కడానికి మాత్రం కుదర్లేదు," అంది.

"డ్యూటీలో ఉన్నానే."

"డ్యూటీలో ఉంటే ఆకలి వెయ్యదా? ఈయనకి వేస్తోందే, మొహం చూడు."

"నాకు డ్యూటీలోనే ఎక్కువ వేస్తుందమ్మా," అన్నాడు ఆపరేటర్.

ముక్క బయటికి వచ్చింది. బెత్తెడు పైనే. చెల్లెలు స్కేలు వైపు కాకుండా అన్న మొహం వైపు చూసింది.

"ఈసారన్నా అయిపోతుందా అన్నయ్యా?"

"రెండు బాగా వచ్చాయి. మూడోది కూడా వస్తే సాయంత్రం రాసిచ్చేస్తాను."

"మూడోదానికేం రోగం. నువ్వు చూసే రోడ్డేగా." తర్వాత గొంతు తగ్గించింది. "నిన్న ట్యాంకరు రాలేదు. మొన్నొచ్చి పైవీధిలో పోసి వెళ్లిపోయింది. నేను కత్తెర పట్టుకున్నానని వాడికెలా తెలుస్తుందో, సరిగ్గా అప్పుడే హారన్ కొడతాడు. మీ బావ ఉంటే లారీలో ఉంటాడు, లేకపోతే నిద్రలో. నా వల్ల కావట్లేదన్నయ్యా."

"ఇవాళ్టితో అయిపోతుందిలే చిట్టీ."

ఆమె తలూపి లోపలికి వెళ్లింది. మిషను మళ్లీ మొదలైంది. ఈసారి చప్పుడు కొంచెం వేగంగా ఉన్నట్టనిపించింది.

ప్రహరీ చివర, అదే నీడలో, రోడ్డు పనిచేసిన ముసలామె పారలూ గంపలూ తాడుతో కడుతోంది. పని అయిపోయి మిగతావాళ్లు వెళ్లిపోయారు. బండి వచ్చేదాకా సామానుకు ఆమె కాపలా. చేతుల మీద తారు మచ్చలు చర్మంలో కలిసిపోయి ఉన్నాయి. అతన్ని చూసి పళ్లు లేని నోటితో నవ్వింది.

"ఇక్కడ కూడా పీట సరిగ్గా కుదిరిందా సారూ?"

"ఏం పీట?"

"అదే, మీ పీట." ఆమెకు అతని ప్రశ్న విచిత్రంగా తోచినట్టుంది. "ఇంటికి పెద్దమనిషొస్తే పీట వెయ్యమూ? అట్టాగే. మీరొచ్చే రోడ్డని తెలిస్తే నీడున్న చోటల్లా ఇంకో నాలుగు గంపలు ఎక్కువ పోస్తాం. 'నీడ సారుకి పీట వేశారా' అని కేకేస్తాడు మేస్త్రీ. ట్యాంకు కింద ఒకటి, ఇదిగో ఈ గోడ పక్కన ఒకటి, చెట్టు కింద ఒకటి. మధ్యాన్నానికి నీడ ఎటు తిరుగుద్దో కూడా చూసుకునే పోస్తాం. మీకు ఎండ పడదంట గదా."

ఆపరేటర్ గుడ్డతో మెషీన్ తుడుస్తున్నవాడు తుడవడం ఆపాడు.

"ఈ ఒక్క రోడ్డుకేనా?" అన్నాడు అతను. తన గొంతు తనకే మర్యాదగా వినిపించింది.

"మీరొచ్చే అన్నిటికీనూ. నేనీ పనిలోకొచ్చిన కాణ్ణించీ ఉన్నదే. వేరే సారు వస్తే ఆయన అలవాటు ఆయనది." ఆమె ముడి బిగించి, అతిథికి చేసిన మర్యాద నచ్చిందా లేదా అన్నట్టు చూసింది. "ఈ గోడ కాడ నేనే పోశా."

ఆ మాటల్లో ఎకసెక్కం ఏ కాస్త ఉన్నా అతనికి తేలిగ్గా ఉండేది.

అతను వెళ్లి మెషీన్ తెచ్చిన వ్యాను మెట్టు మీద కూర్చున్నాడు. ఈ ఊళ్లో అతను కోసి చూసిన రోడ్లన్నీ ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. బడి వెనక వీధి, చెరుకుబండ్ల వాళ్ల కాలనీ, కొత్త ఆస్పత్రి ముందున్నది. అవన్నీ కుంగాయి. వాన అన్నాడు. లారీలు అన్నాడు. మంచి రోడ్డుకైనా వయసు వస్తుంది అన్నాడు. ఇప్పుడు గుర్తుచేసుకుంటే ప్రతి రోడ్డు మీదా చెక్కుచెదరని ఒకటి రెండు చోట్లు ఉన్నాయి: ఒక చెట్టు కింద, ఒక గోడ వార. చుట్టూ గుంతలు పడి, అవి మాత్రం దీవుల్లా మిగిలాయి. స్కూటర్ల వాళ్లు వాటి మీంచి నడపడానికి వంకర్లు తిరుగుతుంటారు. తాను ఊరికి చేసిన కాపలా అంతా తాను నిలబడిన జాగా మేరకే.

ఎవరూ అతనికి లంచం ఇవ్వలేదు. బెదిరించలేదు. అతన్ని చదువుకున్నారంతే. ఎప్పుడో ఎవడో ఒక మేస్త్రీ చూసి ఉంటాడు, ఈయన వ్యాను దిగగానే ముందు నీడ వెతుక్కుంటాడని. అది చాలు. తర్వాత ఆ ముక్క ఒకరి నుంచి ఒకరికి, ఇంటి చిరునామా చెప్పినట్టు చెప్పుకున్నారు. తనకొక ఇష్టం ఉందని అతను అనుకుంటున్న కాలమంతా, దాని తాళంచెవి ఊళ్లో ప్రతి పనివాడి మొలలోనూ ఉంది.

ఎండ ఎందుకు పడదో మాత్రం వాళ్లకు తెలియదు. చెల్లెలికీ తెలియదు, అప్పటికి ఆమె తల్లి చంకలో పిల్ల. నాన్న రోడ్డు పనిలో తారు మరగబెట్టేవాడు. ఒక మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకుని వెళ్లిన కొడుక్కి, ఖాళీ రోడ్డు నడిమధ్య, ఎండలో, నాన్న బాసింపట్టు వేసుకుని కూర్చుని కనిపించాడు. అలసిపోయి కూర్చున్నాడనుకున్నాడు. పిలిస్తే పలకలేదు. గిన్నె పక్కన పెట్టి తనూ ఎదురుగా కూర్చుని చాలాసేపు కబుర్లు చెప్పాడు. ఎవరో వచ్చి తనను లేవదీసేదాకా చెబుతూనే ఉన్నాడు. అప్పటి నుంచి ఎండలో నిలబడితే అతని చెవుల్లో తన చిన్నప్పటి గొంతు వినబడుతుంది. పెద్దయ్యాక డాక్టరు గుండె బలహీనం, ఎండలో తిరగొద్దు అన్నప్పుడు, దాచుకున్న భయానికి ఒక గౌరవమైన పేరు దొరికినందుకు సంతోషించాడు కూడా.

"సార్," అన్నాడు ఆపరేటర్ దగ్గరికి వచ్చి. "మూడోది ఎక్కడ?"

అలవాటు ప్రకారం అతని చూపు చెట్టు వైపు వెళ్లింది. వెనక్కి లాక్కున్నాడు.

"నువ్వే చెప్పు. నీ ఇష్టం వచ్చిన చోటు."

"నాకెందుకు సార్ ఈ గొడవ. రేపు నన్నడిగితే?" ఆపరేటర్ బుర్ర గోక్కున్నాడు. అతనికీ పీట మాట బాగానే ఎక్కింది. మొహంలో జాలి కనబడకుండా ఉండటానికి హాస్యం వెతుక్కున్నాడు. "కళ్లు మూసుకుని నడవండి. ఎక్కడాగితే అక్కడ. అప్పుడు మీదీ కాదు, నాదీ కాదు."

అతను నిజంగానే లేచి కళ్లు మూసుకున్నాడు. గొడుగు వ్యానులోనే ఉండిపోయింది. ముందుకు కొన్ని అడుగులు, పక్కకు కొన్ని. ఒకచోట ఎవరో నవ్వారు, ఏదో ఇంటి మేడ మీంచి. కనురెప్పల వెనక ఎర్రటి వెలుతురు. కాళ్లకు తోచినట్టు తిరిగాడు, మళ్లీ తిరిగాడు. ఇక్కడ, అనిపించిన చోట ఆగి కళ్లు తెరిచాడు.

"చెట్టు కిందే ఉన్నారు సార్," అన్నాడు ఆపరేటర్ మెల్లగా.

పైన ఆకులు కదులుతున్నాయి. ఒళ్లంతా చల్లగా, హాయిగా ఉంది. మనసు అడగకముందే చర్మం దారి కనుక్కుని తీసుకొచ్చి ఇక్కడ నిలబెట్టింది. పారిపోయిన పశువు సాయంత్రానికి తన కొట్టం ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. అంత హాయి మీద అతనికి మొదటిసారి అసహ్యం వేసింది.

ఇక కళ్లు తెరుచుకునే నడిచాడు. నాలుగు వీధులు కలిసే చోట రోడ్డు వెడల్పుగా, ఏ గోడా చెట్టూ అందనంత బోసిగా ఉంది. అక్కడ నడుమ నిలబడి బూటు మడమతో నేల మీద కొట్టాడు. "ఇక్కడ."

"మీరు నీడకి వెళ్లండి సార్. నేను కోసి తీసుకొస్తాను."

"నేనుండాలి."

తాను లేకుండా కోస్తే ఆ ముక్క ఎక్కడిదో అనరా? కారణం అదేనని తనకు తాను చెప్పుకున్నాడు. మెషీన్ అరవడం మొదలెట్టింది. తారు మీంచి లేచే ఆవిరి ప్యాంటు లోపలికి పాకింది. చెవుల్లో అనుకున్న గొంతు వచ్చింది; గిన్నె మూత తీస్తూ ఏవో చెబుతోంది. ఈసారి అతను దాన్ని తరమలేదు. ఏం చెబుతోందో విందామని చూశాడు గాని మెషీన్ రొదలో మాటలు తెలియలేదు.

కోత చప్పున అయిపోయింది. మెషీన్ బిట్టు ఎంతో లోతుకు దిగకుండానే కంకరలో పడి గలగలమంది. ఆపరేటర్ పట్టకారుతో లాగితే, అడుగు ఊడిపోయి, నల్లటి బిళ్ల ఒక్కటే చేతికి వచ్చింది. రెండు వేళ్ల మందం. అంచు నొక్కితే పొడి రాలింది.

అప్పటికి సూపర్‌వైజర్ గొడుగు వేసుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు. మేడ మీద నవ్విన వాళ్లెవరో ఫోన్ చేసినట్టుంది. "ఇక్కడేంటి సార్, ఇంత ఎండలో. మీకు పడదు కదా. అక్కడ చెట్టు కింద..." అని, బిళ్లను చూసి ఆగాడు. ఇన్‌స్పెక్టరు మొహం కూడా చూశాడు. సూపర్‌వైజర్ ఫోను తీసి పక్కకు వెళ్లాడు.

అతను బిళ్లను రుమాల్లో పెట్టుకుని చెల్లెలి ఇంటికి నడిచాడు. ఆమె గేటు దగ్గరే ఉంది.

"అదేంటి, విరిగిందా?"

"విరగలేదు. అంతే ఉంది."

ఆమె బిళ్లను తీసుకుని తిప్పి చూసింది. బట్ట మందం చూసినట్టు రెండు వేళ్ల మధ్య పట్టి చూసింది. ఆమెకు చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఇది రాస్తే నీళ్లు రావు."

"రావు. మళ్లీ రోడ్డు వెయ్యాలి. వాళ్లు కోర్టుకు పోతారు. ఎన్నాళ్లో తెలీదు."

"రాయకపోతే?"

"వస్తాయి. రెండు వానలకి రోడ్డు పోతుంది, పైపుతో సహా. అప్పుడు అడగడానికి ఎవరూ ఉండరు."

ఆమె బిళ్లను కిటికీలో పెట్టింది. "ముందు లోపలికి రా. మొహం చూడు, సున్నం కొట్టినట్టుంది."

అతను కుట్టుమిషను ముందున్న కుర్చీలో కూర్చున్నాడు. ఫ్యాను గాలికి నేల మీద గుడ్డపీలికలు కదులుతున్నాయి. సగం కుట్టిన జాకెట్టు చెయ్యి ఒకటి మిషను సూది కింద ఇరుక్కుని ఉంది. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నుదుటి మీద టోపీ గీత దాకా తెలుపు, కింద ఎర్రగా కమిలింది.

"నువ్వు చెప్పవే చిట్టీ," అన్నాడు. "నిన్నిక్కడికి తెచ్చింది నేను. నువ్వేదంటే అది రాస్తాను."

"నన్నడక్కు. నీ పాపం నా నెత్తిన పెట్టకు." ఆమె విసురుగా వంటింట్లోకి వెళ్లింది. బిందె అడుగున చెంబు గీసుకున్న చప్పుడు వినిపించింది. నీళ్లు అడుక్కి వెళ్లి ఉన్నాయి. బిందెను వంచి, ఓపిగ్గా, చెంబు నిండేదాకా పట్టింది. అంతసేపూ ఆమె అటే తిరిగి ఉంది. తర్వాత అటు తిరిగే అంది: "ఉన్నదున్నట్టే రాయన్నయ్యా. ఇన్నాళ్లు మోశాను. ఇంకొన్నాళ్లు మోస్తాను. చచ్చిపోనులే."

చెంబుతో వచ్చేసరికి అతను కుర్చీలో వెనక్కి వాలి, కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తున్నాడు. అలసిపోయాడనుకుని ఆమె చెంబు చేతికి అందించింది. చెయ్యి అందుకోలేదు. తన మాట విన్నాడో, వినకముందే పోయాడో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు.

అతను పోయిన వారం రోజులకు పైఅధికారి పరామర్శకు వచ్చాడు. వెంట ఆపరేటర్. ఆమె కుర్చీలు వేసింది. ఆయన మంచిగానే మాట్లాడాడు. ఎండ పడని మనిషి ఎండలోకి ఎందుకు వెళ్లాడో అన్నాడు. "మూడోది కొయ్యలేదటమ్మా పాపం. చూద్దామంటే అక్కడ గుంత కూడా ఏం లేదు. పోనీలే, రెండు కోతలు బ్రహ్మాండంగా ఉన్నాయి, ఆయన చేత్తో కొలిచినవే. వాటి మీదే కౌన్సిల్‌లో పెట్టేస్తున్నాం. ఆయన చివరి రోడ్డు కదా, ఆయన చెల్లెలికే నీళ్లొస్తున్నాయంటే తృప్తి."

ఆమె ఆపరేటర్ వైపు చూసింది. అతను నేల వైపు చూస్తున్నాడు. నోరు తెరిస్తే ఉద్యోగం పోతుంది. అది ఆమెకు అర్థమైంది. కిటికీలో, పైఅధికారి భుజానికి జానెడు దూరంలో, ఆ నల్లటి బిళ్ల ఉంది. ఆమె భుజం సలుపుతోంది.

"టీ పెడతాను," అని లేచింది.

వానలకు ముందే పైపు వచ్చింది. మొదటిరోజు కుళాయి తిప్పి, బిందె నిండి పొర్లిపోతున్నా చూస్తూ నిలబడింది. ఆ సాయంత్రం మిషను కుడుతుంటే అది ఒకవైపు ఒరిగినట్టు అనిపించింది. నేల ఎక్కడో కొంచెం దిగింది. అట్టముక్కలు మడిచి పెట్టి చూసింది, చాలలేదు. చివరికి కిటికీలోంచి బిళ్లను తీసి మిషను కాలి కింద దోపింది. సరిపోయింది. ఇప్పుడు మిషను కదలదు. ఎండలు ముదిరిన రోజుల్లో మాత్రం తారు మెత్తబడి, ఇనుపకాలు ఆ నల్లటి బిళ్లలోకి కొంచెం కొంచెంగా దిగుతూ ఉంటుంది.